తొలి అడుగు మన్ను

కంకణం కట్టుకోవడం అయితే అయిపోయింది. నడక ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తేలలేదు. తామ్రగిరి రాజమందిరంలో తెల్లవారినప్పటి నుంచీ ఒకటే రభస. పెద్దవాళ్ళు పదిమంది ఒకచోట చేరితే పావుగంట పని పూటంతా పడుతుంది, అది రాజుల ఇళ్ళలోనైనా అంతే.

ఏనుగు దంతపు స్తంభాలు, చందనపు గవాక్షాలు, వాటికి ముత్యాల జాలరులు, పైకప్పు నిండా పచ్చలు పొదిగిన చిలకలు, కిటికీలకు పన్నీటితో తడిపిన వట్టివేళ్ళ తెరలు. ఇంద్రుడు చూస్తే నాలుగు రోజులు ఉండిపోతానని బతిమాలేటంత సొగసైన గది. ఆ గది నడుమ హంసతూలికా తల్పం మీద యువరాజు సుకేతుడు పడుకుని ఉన్నాడు. తొడల దాకా మనిషి. మోకాళ్ళ నుంచి కిందికి నల్లరాయి. కాలిగోళ్ళు, పిక్కల మీది నరాలు, చిన్నప్పుడు మామిడిచెట్టు మీంచి పడ్డ మచ్చ, అన్నీ ఉన్నాయి ఆ రాతిలో. పెంచిన దాది ఆ రాతికాళ్ళకే నువ్వులనూనె రాస్తూ కళ్ళు తుడుచుకుంటోంది. వద్దని ఎవరూ అనలేకపోయారు.

ఇదంతా కాలజంఘుడు చేసిన పాడుపని. ఆ మాంత్రికుడు తొమ్మిది రోజుల కిందట కొలువులోకి వచ్చి, యువరాణి కువలయను తనకిచ్చి పెళ్ళి చెయ్యమన్నాడు. సుకేతుడికి కోపం ముక్కు మీదే ఉంటుంది. కవలపిల్లల్లో తన తరవాత పుట్టిన చెల్లెలు, ఆ పిల్ల పేరు ఆ నోట వినగానే మెట్లు దిగి వచ్చి వాణ్ణి ఒక్క తన్ను తన్నాడు. "తన్నిన కాళ్ళ నుంచే మొదలవుతుందిరా నీ చావు! నలభయ్యో రోజుకి గుండె రాయవుతుంది" అని వాడు గుప్పెడు బూడిద చల్లి మాయమయ్యాడు.

విరుగుడు ఒక్కటే ఉంది. నల్లేరు దాటి, అడవులు దాటి, వెండికొండ మీది అడుగులమ్మ గుడికి తోడబుట్టినవాళ్ళు కాలినడకన వెళ్ళి గంట కొట్టాలి. గంట మోగిన క్షణంలోనే ఇక్కడ రాయి కండవుతుంది. అందుకే కువలయ అన్న చేతుల మీదుగా పసుపు కంకణం కట్టించుకుంది.

కానీ ఆ తల్లి మొక్కు మామూలు మొక్కు కాదు. కంకణం కట్టాక వట్టి పాదం మొదటిసారి ఎక్కడ మన్నును తాకితే అదే తొలి అడుగు. అది నల్లేటికి ఇవతలి గట్టునే పడాలి. పడ్డాక బండెక్కకూడదు, ఎవరి భుజమూ ఎక్కకూడదు, ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యకూడదు. తొలి అడుగు కింది మన్నును ఇంటి మనిషి ఎత్తి, కొంగున కట్టి, యాత్ర ముగిసేదాకా కాపాడాలి. ఆ మన్ను పగవాడి చేతిలో పడిందా, ఆ కాలు పగవాడిదే. వాడు ఎటు లాగితే అటు పోతుంది. మొక్కులో ఉన్న మనిషి ప్రాణం తియ్యడానికి ఏ మాంత్రికుడికీ శక్తి లేదు. మొక్కు చెడగొట్టడానికి మాత్రం కావలసినంత ఉంది.

అందువల్లే కువలయ పాలరాతి నేల మీద కూడా చెప్పులు విడవకుండా, కాళ్ళు రెండూ పీట మీద పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

"మా తాతగారు కోటవాకిలి నుంచే బయల్దేరారు. భేరీలు మోగించి, హారతులిచ్చి పంపారు. అక్కణ్ణుంచే మొదలవ్వాలి" అన్నాడు మణికంధర మహారాజు. కొడుకు కాళ్ళ వంక చూడలేక గోడతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు.

"కోటవాకిలి నుంచి ముప్పైఆరు రోజుల నడక ప్రభూ. మనకు మిగిలినవి ముప్పైఒకటి" అన్నాడు మంత్రి నయకోవిదుడు. "ముసలిమడుగు రేవు దాకా బండి మీద పోయి అక్కడ అడుగు పెడితే పద్దెనిమిది రోజుల్లో గుడి."

"ముసలిమడుగుకి ఎదుటి గట్టునే వాడి బొమికెల కోట ఉంది కదా, మంత్రిగారూ!" అంది కువలయ. "నా తొలి అడుగు వాడి గుమ్మం ముందు వెయ్యమంటారా?"

నయకోవిదుడు గడ్డం గోక్కున్నాడు. అలా గోక్కున్నాడంటే ఆయనకేమీ తోచలేదని ఆ కోటలో పిల్లిపిల్లలకి కూడా తెలుసు.

కువలయ గుమ్మం దగ్గర నిలబడ్డ ముసలాయన వైపు తిరిగింది. అతని పేరు గంగులు. పల్లకీ మోసే బోయీ. నలభయ్యేళ్ళు రాజ్యంలో తిరగని దారి లేదు. కవలలిద్దరినీ చెరో భుజం మీద ఎక్కించుకుని ఆడించినవాడు. ఇంటి మనిషిగా తొలి అడుగు మన్ను ఎత్తే పని కూడా అతనికే ఒప్పగించారు.

"గంగులు తాతా, నువ్వు చెప్పు. ఎక్కడ మొదలెట్టమంటావు?"

"పెద్దోళ్ళ మధ్య నాకు నోరెందుకు తల్లీ" అంటూనే గంగులు ముందుకొచ్చాడు. తాంబూలం పళ్ళెంలోంచి మూడు వక్కలు తీసి నేలమీద పెట్టాడు. వాటి పక్కన తమలపాకు తొడిమెలు వరసగా పేర్చి, ఇది నల్లేరు అనుకోండి అన్నాడు. "ఇది కోట. ఇది ముసలిమడుగు. ఇదిగో, పైన ఈ మూలన ఉన్నది ఈదులపాయ. రెండు కొండల నడుమ సందు. చివర ఏట్లో మోకాలిలోతు రేవు. అక్కడ ఊరూ లేదు, ఊసూ లేదు. కాకి కూడా వాలదు. అక్కణ్ణుంచి గుడికి ఇరవైనాలుగు రోజులు. రెండు రోజుల్లో బండి మీద చేరిపోతాం. ఇంకా అయిదు రోజులు మిగుల్తాయి మారాజా. తొలి అడుగు ఎవ్వరూ చూడనిచోట పడాల. అంతకంటే నాకేం తెలీదు."

మూడో వక్క మీద అతని వేలు ఉండగానే, గోడ మీద బల్లి టక్ టక్ మని పలికింది.

"సత్యం!" నయకోవిదుడు తటాలున మంచంకోడు మీద వేలితో కొట్టాడు. దాది కూడా నేలమీద కొట్టింది. మహారాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బల్లి పలికింది. ఇంకేం కావాలి? ఈదులపాయే" అన్నాడు.

కువలయ తలెత్తి చూసింది. తెల్లటి బల్లి. చిలక బొమ్మ కింద తల వాల్చి ఉంది. అది ఆమె వంక చూసి నెమ్మదిగా రెప్ప వేసింది. బల్లి రెప్ప వెయ్యగా ఎప్పుడైనా, ఎవరైనా చూశారా? కువలయ ఒళ్ళు జలదరించింది. కానీ మంచి శకునమని అందరూ ఆనందపడుతుంటే దానికి వంక పెట్టడం అపశకునం కదా అని నోరు మూసుకుంది. ఆ పిల్లని తప్పుపట్టకండి, మనమైనా అదే చేస్తాం.

బయల్దేరే ముందు సుకేతుడి చెయ్యి పట్టుకుంది. 

"భయంగా ఉందా చెల్లీ?"

"ఉంది."

"నాకూ ఉంది" అన్నాడు అన్న. "పొద్దున తొడల్లో తిమ్మిరెక్కింది. త్వరగా పో."

*

మరునాటికి తామ్రగిరి దాటిన ఎద్దుబండిలో రాకుమారి లేదు. గళ్ళకోక కట్టుకుని, ఒళ్ళో గాజుల మలారం పెట్టుకున్న గాజులమ్మి ఉంది. బండి తోలేవాడు ఆ పిల్ల తాత. దారిన ఆడవాళ్ళు ఆపి బేరమాడితే కువలయ తడబడుతూనే గాజులు తొడిగింది. ఒకావిడ చేతికి తొడుగుతూ మూడు చిట్లగొట్టింది. "ఎవరే నీకీ పని నేర్పింది!" అని ఆవిడ తిట్టిన తిట్లకి గంగులు నవ్వు ఆపుకోలేక ఎద్దుల్ని అదిలించాడు. భయం నడుమ ఆ కాస్త నవ్వే ఆ రెండు రోజుల్లో వాళ్ళకి దక్కింది.

రెండోనాడు మధ్యాహ్నం ఈదులపాయ కొండలు కనబడ్డాయి. ఆ కొండల అందం ఏం చెప్పను! కుంకుమ రంగు బండలు ఆకాశాన్ని ఒరుసుకుంటూ నిలబడ్డాయి. బండల పగుళ్ళలోంచి వేలాడే తీగలకు నీలిపూలు గుత్తులు గుత్తులు. ఎక్కడో సెలయేరు గులకరాళ్ళతో గుసగుసలాడుతోంది. ఇన్ని ఉన్నాయి గానీ ఒక్క పిట్ట కూత లేదు.

"తాతా, ఇంత నిశ్శబ్దంగా ఉందేం?"

ఎద్దులు ఆగిపోయాయి. వాటి చెవులు నిక్కబొడుచుకున్నాయి. బండి మీద నీడ పడింది. తలెత్తేలోపల ఏడు రాబందులు రాళ్ళు పడ్డట్టు దిగాయి. ఒక్కోటి కోడెదూడంత ఉంది. అవి కళ్ళని పొడవలేదు, గొంతు పట్టలేదు. బండి గూడు చీల్చి తిన్నగా కువలయ పాదాల మీద పడ్డాయి.

"చెప్పులు! చెప్పుల కోసం వచ్చాయి తాతా!" అని కెవ్వుమంది కువలయ.

ఎద్దులు కాడి తెంపుకుని చెరో దిక్కుకీ పరుగెత్తాయి. బండి ఒక పక్కకి ఒరిగింది. గాజులన్నీ ఝల్లుమని నేలపాలయ్యాయి. ఒక రాబందు కుడికాలి చెప్పు వారు ముక్కున పట్టి పటుక్కున తెంపింది. చెప్పుతో సహా ఎగిరిపోయింది. కువలయ బండి అంచున వేలాడుతోంది. కుడిపాదం మట్టికి జానెడు ఎత్తున ఊగుతోంది.

"దించకు! దించకు తల్లీ!"

అరవయ్యేళ్ళ గంగులు ఒక్క దూకు దూకి ఆమెను భుజాన వేసుకున్నాడు. ముల్లుకర్ర గిరగిరా తిప్పుతూ కొండసందు వైపు పరుగు తీశాడు. వీపు మీద గోళ్ళు దిగాయి. ఆగలేదు. సందు ఇరుకు. ఆ పక్షుల రెక్కలు పట్టే చోటు కాదు. బయటే గిరికీలు కొడుతూ కూసి కూసి అవి వెళ్ళిపోయాయి.

గంగులు ఆమెను ఒక బండ మీద కూర్చోబెట్టి, తలపాగా విప్పి, ఆ కుడిపాదానికి మూడు చుట్లు గట్టిగా చుట్టి ముడేశాడు.

"మనం ఇటొస్తున్నట్టు వాడికెలా తెలిసింది తాతా?" అని అడిగింది కువలయ. ఏడుపు ఆగడం లేదు. "ఇంటికి పోదాం. నాకు చాలా భయంగా ఉంది."

"నాకూ భయమే తల్లీ. నువ్వు భుజం మీద ఉన్నావు గనక పరిగెత్తాను గానీ, లేకపోతే అక్కడే కూలబడేవాణ్ణి." అతను చెమట తుడుచుకున్నాడు. "అదిగో, వెలుతురు కనబడుతోందే, అదే రేవు. కూతవేటు దూరం. అక్కడ నువ్వు అడుగెయ్యి, నేను మన్నెత్తుకుంటాను. ఆ మీదట వాడి తాతలు దిగొచ్చినా ఏం చెయ్యలేరు."

ఇద్దరూ నడిచారు. ఎడమకాలికి చెప్పు, కుడికాలికి తలపాగా గుడ్డ. సందు మలుపు తిరిగింది. రేవు నీళ్ళు తళతళా మెరుస్తూ కనబడ్డాయి. రేవుకీ వాళ్ళకీ నడుమ, ఈ కొండగోడ నుంచి ఆ కొండగోడ దాకా, బంగారు రంగులో వడ్లు ఎండబోసి ఉన్నాయి. ఒక ముసలవ్వ నడుం వంచి కాలితో వడ్లు తిరగేస్తోంది. చంకలో చేట.

కువలయకి మనిషి కనబడగానే ప్రాణం లేచొచ్చింది. గబగబా ముందుకెళ్ళి వడ్ల అంచున కాలెత్తింది.

"ఏయ్ అమ్మాయ్!" అవ్వ కస్సుమంది. "కళ్ళు నెత్తికెక్కాయా? తినే గింజల మీద చెప్పుకాళ్ళా? ఏ తల్లి కన్నదే నిన్ను?"

గంగులు ముఖం సిగ్గుతో ఎర్రబడింది. అతని తండ్రి, తాత మడి దున్ని బతికినవాళ్ళు. ధాన్యాన్ని చెప్పుతో తొక్కిన పిల్లల్ని వీపు చిట్లగొట్టిన ఇల్లు అది. "తప్పయిపోయింది అవ్వా, పట్నం పిల్ల, తెలీదు" అంటూ తను చెప్పులు విడిచి చేతపట్టుకున్నాడు. కువలయ భుజం పట్టి వెనక్కి లాగాడు. "గింజ అంటే లచ్చిమి తల్లీ. ఆ మట్టిగుడ్డ తియ్యి, చెప్పు తియ్యి. కళ్ళకద్దుకుని దాటు."

తాత మాట, పైగా సిగ్గు. కువలయ గబుక్కున వంగి ముడి విప్పింది. మంచిపనికి కుడికాలే కదా ముందు. వట్టి కుడిపాదం మట్టిమీద మోపింది.

మోపాక గంగులుకి గుర్తొచ్చింది.

ఇదేం మాట? ఈ చుట్టుపక్కల మడిచెక్క లేదే! ఊరూ లేదు, ఊసూ లేదని తనే కదా చెప్పాడు. ఈ వడ్లెక్కడివి?

"తల్లీ, కాలు!" అని అరిచాడు. ఆ అరుపుకి ఉలిక్కిపడి కువలయ కుడికాలు పైకి లాక్కుంది. ఎడమకాలు ఇంకా చెప్పులోనే ఉంది. మెత్తటి ఎర్రమన్నులో అయిదు వేళ్ళతో, మడమతో, చక్కగా ఒక్క అడుగు పడి ఉంది. గంగులు దానిమీద పడబోయాడు. అవ్వ అతనికంటే ముందే, తొండలా పాకి వచ్చి, ఒక్క గీరుతో ఆ అడుగునంతా చేటలోకి ఎత్తేసింది.

వంగిన నడుం నిటారుగా లేచింది. తెల్లజుట్టు రాలిపోయి ఎర్రటి జడలు దిగాయి. ముడతల ముఖం ఒలిచినట్టు ఊడి పడింది. తాటిదూలాల్లాంటి పిక్కల మీద కాలజంఘుడు నిలబడి ఉన్నాడు.

"బల్లి పలికితే సత్యం అన్నారుగా! ఎంత ముచ్చటేసిందో నాకు" అన్నాడు. "గోడమీద రెండు రోజులు కదలకుండా ఉంటే మెడ పట్టేసింది. పోనీలే, ఫలితం దక్కింది."

గంగులు ముల్లుకర్ర విసిరాడు. కాలజంఘుడు కొండముచ్చులా గోడమీదికి ఎగిరి, చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చేటలోని మన్నును బొటనవేలితో కొద్దిగా వెనక్కి తోశాడు.

కువలయ కుడికాలు తనంత తానే వెనక్కి లేచింది. మోకాలి దగ్గర ఎముక విరిగినంత నొప్పి. ఆమె పక్కనున్న బండని కరుచుకుంది. కాలు వెనక నేలకోసం వెతుకుతోంది. వేళ్ళు ఆమెవే, చర్మం ఆమెదే, మాట మాత్రం వినడం లేదు. తన ఒంట్లోనే ఎవడో పరాయివాడు దూరినట్టుంది.

"వెనక్కి ఒక్కటంటే ఒక్క అడుగు పడనీ" అన్నాడు కాలజంఘుడు తాపీగా. "మొక్కు చెడుతుంది. నీ అన్న తలదాకా రాయవుతాడు. తరవాత మన పెళ్ళి."

"పట్టుకో తాతా! పడనివ్వకు!"

గంగులు రెండు చేతులతో ఆ పాదాన్ని పట్టుకున్నాడు. ఎద్దు కొమ్ము పట్టుకున్నట్టుంది, అంత బలంగా లాగుతోంది. "నేనే చేశాను తల్లీ! నా నోటితో నేనే తియ్యమన్నాను. నా నోరు పడిపోను!" అని ఆ ముసలాయన భోరుమన్నాడు.

కువలయ వణుకుతూనే ఉంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కానీ ఆ వణుకులోనే చేట వైపు చూసింది. చేటలో ఉన్నది ఒక్క అడుగే.

"తాతా, వాడి దగ్గర ఉన్నది కుడికాలి మన్నే. ఎడమది వాడిది కాదు."

"అయితే?"

"ఈ కాలు నేలకి ఆనకుండా కట్టెయ్యి. పడకపోతే వెనకడుగు ఎలా అవుతుంది?"

గంగులు నోరు తెరిచి ఆమె వంక చూశాడు. తరవాత తన పైపంచె తీశాడు. మోకాలు మడిచి, మడమ తొడకి ఆనేలా, కాలు గిలగిలా కొట్టుకుంటున్నా విడవకుండా బిగించి కట్టాడు. మొక్కు నడకకు చెప్పు పనికిరాదని ఎడమచెప్పు తీసేశాడు. తను విసిరిన ముల్లుకర్రని వెతికి తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

కాలజంఘుడి నవ్వు ఆగింది. అతను చేటలో ఉమ్మి ఏదో గొణిగాడు. ఎండబోసిన వడ్లన్నీ ఒక్కసారి కదిలాయి. ఒక్కో గింజకీ ఆరేసి కాళ్ళు మొలిచాయి. బంగారు రంగు చాప అంతా బరబరమంటూ పురుగులై లేచింది.

"అవి చంపవు తల్లీ. కుడతాయంతే" అన్నాడు గంగులు.

కువలయ గెంతింది. ఎడమపాదం కింద పురుగులు చిటపటమన్నాయి. నిప్పులు తొక్కినట్టు కాలంతా మండింది. రెండో గెంతు. కట్టేసిన కుడికాలు వెనక్కి గుంజి ఆమెను పడెయ్యబోయింది. కర్ర ఆనించి నిలబడింది. మూడు. నాలుగు. పక్కన గంగులు ఆమెని తాకకుండా, చేతులు చాపి, నడక నేర్చే బిడ్డ వెంట నడిచినట్టు నడుస్తున్నాడు. తాకితే మోసినట్టవుతుందేమోనని అతని భయం. అమ్మా, అమ్మా అని ఏడుస్తూనే కువలయ ఆ పురుగుల చాప దాటింది. దాటేసరికి పాదం బూరెలా వాచింది.

నల్లేటి అంచుకి చేరారు. నల్లటి నీళ్ళు చప్పుడు లేకుండా పారుతున్నాయి.

"రెండు కాళ్ళకి ఇరవైనాలుగు రోజులు అన్నావు" అంది కువలయ రొప్పుతూ. "ఒంటికాలికి ఎన్ని రోజులు తాతా?"

నలభయ్యేళ్ళలో రాజ్యంలో ఏ దారి అడిగినా రోజులు లెక్క చెప్పిన గంగులు తల దించుకున్నాడు. "నాకు తెలీదు తల్లీ."

"అన్నకి మిగిలినవి?"

"ఇరవైతొమ్మిది."

వెనక గోడమీద కాలజంఘుడు లేడు. ఎప్పుడు పోయాడో, ఎటు పోయాడో ఇద్దరూ చూడలేదు. కువలయ ఊపిరి గట్టిగా పీల్చుకుని కర్ర ముందుకు వేసి నీళ్ళలోకి గెంతింది. మోకాలిలోతు. గంగులు చెప్పింది నిజమే. చల్లటి నీళ్ళు తగిలి మంట కాస్త చల్లారింది. ఇంకో గెంతు. ఇంకొకటి.

నాలుగో గెంతుకి కాలు లేవలేదు.

బురదనుకుంది. లాగింది. నీళ్ళ అడుగున అయిదు వేళ్ళు ఆమె ఎడమమడమను చుట్టుకుని బిగిశాయి. ఆమెకి మిగిలిన కాలు అదొక్కటే.